పార్కులో పాటల పండుగకు నాన్నను, పాపను తీసుకుపోవాలె. ఎక్కడ కూసుంటే మంచిది?

హుజూరాబాద్_గడ్డ:

అందరికీ నమస్తే. హనుమకొండల చలికాలం పార్కుల పెట్టే పాటల పండుగకు ఈసారి ఇంటిల్లిపాదిమి పోదామనుకుంటున్నం. నాన్నకు 72 ఏండ్లు. మోకాళ్ళ నొప్పులు, కింద కూసోలేడు, చెవికి మిషన్ పెట్టుకుంటడు. పాపకు నాలుగేండ్లు.

మూడు రాత్రులల్ల ఒక్క రాత్రే వీలైతది. పోస్టర్ల మొదటి రోజు డప్పులు, ఒగ్గు డోలు, చిందు అని ఉంది. రెండో రోజు వీణ, గాత్రం. మూడో రోజు సినిమా పాటల బ్యాండు. నాన్న మొదటి రోజంటడు, మా ఇంటామె మూడో రోజంటది. ఏ రోజు పోవాలె, ఎన్ని గంటలకు చేరుకోవాలె, ఎక్కడ కూసుంటే పాట సక్కగ వినబడి చెవులు పగలకుండ ఉంటయి? రాత్రి హుజూరాబాద్‌కు వాపస్ వచ్చుడు ఎట్ల? నాన్న ముందు వరుసలనే కూసోవాలని పట్టు పట్టిండు. అది మంచిదేనా?


మిక్సర్_కాడ:

అన్నా, నాన్నగారికి నచ్చజెప్పండి. ముందు వరుసలో పాట సరిగ్గా వినిపించదు. పెద్ద సౌండ్ బాక్సులు స్టేజీకి అటూ ఇటూ ఉంటాయి, వాటి నోరు తలల మీదుగా వెనక్కి తిరిగి ఉంటుంది. నట్టనడుమ మొదటి రెండు మూడు వరుసలు వాటి దారిలో పడవు. అక్కడ కూర్చుంటే వినపడేది స్టేజీ మీద డ్రమ్స్ చప్పుడు, గాయకుల కాళ్ళ దగ్గర వాళ్ళ కోసం పెట్టిన మానిటర్ల వెనక వైపు గొణుగుడు, నేల మీద పెట్టిన బేస్ బాక్సుల మోత. గుండె అదురుతుంది, సాహిత్యం అర్థం కాదు.

జనం మధ్యలో చిన్న టెంటు కింద మిక్సర్ బల్ల ఉంటుంది, చుట్టూ బారికేడ్లు. ఆపరేటర్ తను కూర్చున్న చోట బాగుండేలాగే అన్నీ సర్దుతాడు. కాబట్టి ఆ బల్లకు ముందు రెండు మూడు వరుసలు గానీ, దాని పక్క వరుస గానీ పట్టుకోండి. బల్ల వెనక వద్దు, టెంటు గుడ్డ, నిలబడ్డ మనుషులు అడ్డం వస్తారు. ఒక్కోసారి సోఫాల వీఐపీల కోసం బల్లను ఓ మూలకు, చెట్టు కిందికి నెట్టేస్తారు. అప్పుడు పాపం ఆపరేటర్‌కే సరిగ్గా వినపడదు, ఆయన అంచనా మీద నడిపిస్తాడు. ఆ రోజు బల్లను చూసి చోటు ఎంచుకోవద్దు. రెండు వైపుల బాక్సుల మధ్య ఎన్ని అడుగులుందో చూసి, స్టేజీ నుంచి అంతే దూరం, లేదా అంతకు కాస్త ఎక్కువ వెనక్కి రండి. మధ్యలో 15 మీటర్లుంటే 15 నుంచి 20 మీటర్ల వెనక కూర్చుంటే సరిపోతుంది.

బేస్ సంగతి విడిగా చెప్పాలి. రెండు వైపుల బేస్ బాక్సుల మోత సరిగ్గా మధ్య గీత మీదికి ఒకేసారి వచ్చి కలుస్తుంది, అందుకే ఆ గీత పొడవునా ఛాతీ మీద గుద్దినట్టుంటుంది. పక్కకు జరిగితే ఒక వైపు మోత ముందు, ఇంకో వైపుది వెనక చేరి ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. 60 హెర్ట్జ్ మోతకు అల పొడవు దాదాపు 5.7 మీటర్లు. మీ కుర్చీ నుంచి రెండు బాక్సుల దూరాల మధ్య 2.8 మీటర్ల తేడా ఉంటే అది బాగా పలచబడుతుంది. టేపు పట్టుకుని పోనక్కర్లేదు. పాట నడుస్తుండగా మధ్య నుంచి పక్కకు మెల్లగా నడవండి, ఛాతీ మీద దెబ్బ తగ్గి గొంతు విడిగా తెలిసిన చోట ఆగండి. నాన్నగారికి, పాపకు అదే చోటు.

వెనక జనం కోసం పార్కు మధ్యలో ఇంకో జత బాక్సులు కడితే కొంచెం జాగ్రత్తగా ఉండాలి. గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్లే పోతుంది, వైరులో అయితే రెప్పపాటు కూడా పట్టదు. స్టేజీకి 34 మీటర్ల వెనక ఉన్న బాక్సు మాటను ముందే పలికేస్తుంది, స్టేజీ దగ్గరి బాక్సు నుంచి అదే మాట సెకనులో పదో వంతు ఆలస్యంగా వచ్చి తగులుతుంది. మిక్సర్‌లో డిలే, అంటే వెనక బాక్సును ఆ కాస్తసేపు ఆపి పలికించడం, సరిగ్గా పెడితే రెండూ కలిసిపోతాయి. పెట్టకపోతే ప్రతి మాటా రెండుసార్లు. యాంకర్ మైకు పట్టుకోగానే తెలిసిపోతుంది: "అందరికీ నమస్కారం" జంటగా వినపడితే లేచి ఆ బాక్సులు దాటి స్టేజీ వైపు పదండి.

బాక్సుల ఎత్తు కూడా చూడండి. తలల కంటే బాగా పైన, కాస్త కిందికి వంచి కట్టి ఉంటే వెనక వరుసలకూ మాట స్పష్టంగా వస్తుంది. బల్లల మీద పెట్టేస్తే ముందు నిలబడ్డవాళ్ళ ఒళ్ళే సన్నని శబ్దాలను తాగేస్తుంది, వెనకున్నవాళ్ళకు "ధన్ ధన్" మిగులుతుంది.

జనరేటర్ ఎక్కడ పెట్టారో లోపలికి రాగానే గమనించండి. చలికాలం మన దగ్గర గాలి ఎక్కువగా ఈశాన్యం, తూర్పు వైపుల నుంచే వీస్తుంది, కాబట్టి జనరేటర్‌కు, బజ్జీల బండ్లకు నైరుతి దిక్కున కూర్చుంటే పొగంతా మీకే. వీణ, గాత్రం ఉన్న రెండో రోజు జనరేటర్ మోతకు దూరంగా ఉండడం మరీ ముఖ్యం. వీణ గొంతు చిన్నది, దాన్ని పెంచబోతే మైకు కుయ్యిమంటుంది, పెంచకపోతే జనరేటర్ మింగేస్తుంది. పబ్లిక్ గార్డెన్‌లోని నేరెళ్ళ వేణుమాధవ్ కళాప్రాంగణం లాంటి పక్కా వేదిక మీద పెడితే వీణ కచేరీ కూర్చుని వినొచ్చు. గడ్డి మీద పైపులతో లేపిన స్టేజీ అయితే రెండో రోజు మానేయమనే చెప్తా.


దరువు_దెబ్బ:

మొదటి రోజే పోండ్రి. మీ నాయిన చెప్పిందే కరెక్టు. కని పొద్దుగూకక ముందే చేరుకోవాలె, ఎనిమిదింటికి పోతే అసలుది దాటిపోతది.

తోలు డప్పుకు మంచు పడదు. మేక తోలు తేమ గుంజుకుంటే వదులైతది, ఖణేల్‌మనేది దబ్బుమంటది. అందుకే స్టేజీ ఎనక ఎండుగడ్డి, కాయితాలు ఏసి మంట పెడ్తరు. పాపను తీస్కపోయి దూరం నుంచి అది చూపియ్యండ్రి, స్టేజీ మీద ఆటకన్న అదే ఎక్కువ నచ్చుతది. డప్పును మంట సెగ తగిలేటంత దూరంల పట్టుకొని గుండ్రంగ తిప్పుతుంటరు. నడుమ నడుమ వేలితోని కొడ్తరు. అంచుకాడ ఒక తీరు, నడిమిట్ల ఇంకో తీరు మోగితే ఇంక తడి ఉన్నట్టే, మళ్ళ తిప్పుతరు. అంతట ఒక్క తీరుగ ఖణ్‌మన్నంకనే భుజానికి ఏస్కుంటరు. ఎక్కువ కాగితే అంచుకాడ తోలు చిట్లుతది, తక్కువ కాగితే ఒక్క పాటకే దిగిపోతది. చలి రాత్రి ఆ సెగ ఎంతోసేపు నిలవది, అందుకే ఆట నడుస్తుంటనే ఒకరిద్దరు మెల్లగ ఎనకకు జారి కాపుకొని వస్తరు. జట్టు తగ్గిందని పరేషాన్ కావద్దు.

ఇప్పుడు ఫైబర్ డప్పులు కూడ వస్తున్నయి. వాటికి మంట అక్కర లేదు, మంచు పట్టదు, కని గొంతు సన్నగ కీచుమంటది. ఏ జట్టు ఏవి తెచ్చిందో మంట ఉందా లేదా అని చూస్తే తెలుస్తది.

చేతులు చూడుండ్రి. కుడిచేతిల పొట్టిగ, లావుగ ఉండేది సిర్ర. ఎడమచేతిల సన్నగ, పొడుగ్గ ఉండేది చిటికెన పుల్ల. కొత్తోళ్ళందరు సిర్రనే చూస్తరు, మోత దాన్నుంచే వస్తది కాబట్టి. దెబ్బకూ దెబ్బకూ నడుమ గలగల నింపేది చిటికెన పుల్ల. ఒక్కసారి దాని మీద కన్ను వడ్డంక దరువు ఎక్కడ మారిందో చెవికి ఇట్టే దొరుకుతది.

పది పదిహేను డప్పులకు మైకు ఎందుకు? కని పెడ్తరు. మిక్సర్ అన్న చెప్పిన చోటు సినిమా పాటలకు కరెక్టే, డప్పులకు మాత్రం కాదు. డప్పుల జట్టు నేల మీదికి దిగి ఆడితే బాక్సులు లేని పక్కకు పోయి, 15 మీటర్ల దూరంల నిలవడి ఇనుండ్రి. అసలు తోలు మోత అట్లనే తెలుస్తది. మరీ దగ్గరికి పోవద్దు, పాపకు చెవులు గుయ్యిమంటయి.

ఒగ్గు కథ తెల్లందాక చెప్పేది. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ. జనగామ దిక్కు మాణిక్యాపురం చుక్క సత్తయ్య చెప్పిన తీరు ఎరిగిన పెద్దలు ఇంక ఉన్నరు, ఆయన 2017ల కాలం జేసిండు. పండుగ స్టేజీ మీద అరగంట ఇస్తే ఎక్కువ, అందుకే కథ తగ్గి డోలు విన్యాసం మిగుల్తది: భుజాల మీద భుజాలెక్కి గోపురం కట్టుడు, పైన నిలవడి డోలు కొట్టుడు. చూడ సక్కగుంటది, కాదనను. కని మీ నాయిన కథ కోసమే వస్తుంటే ముందుగాల చెప్పుండ్రి, లేకుంటే నిరాశైతడు.

చిందుకు మాత్రం ముందుకు పోవాలె. పద్యం, మాట, మొఖం మీద రంగు, కాళ్ళ గజ్జెలు, అన్నీ కలిస్తేనే చిందు. 2024ల జనగామ జిల్లా గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది ఈ చిందు యక్షగానానికే. కళాకారులు తిరుగుకుంట పాడుతరు, నిలబెట్టిన మైకుకు దూరమైనప్పుడల్ల మాట పోతది. ఐదారో వరుసల, పక్కకు కూసుంటే మైకు వదిలినా గొంతు అందుతది.

ఆదిలాబాద్ నుంచి గుస్సాడీ ఆట ఆడే జట్టు వస్తే సంబురమే. ఆ నెమలి ఈకల టోపీ గోండులకు దేవుని సొత్తు. పిల్లలను ముట్టనియ్యద్దు, ఫొటోకు అడిగి నిలవడాలె.


చెవి_పరీక్ష:

పెద్దాయన, పాప అన్నారు కాబట్టి చెవుల సంగతి నేను రాస్తాను.

85 డెసిబెల్స్ మోతను రోజుకు 8 గంటల వరకు భరించవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగిన కొద్దీ సమయం సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2, 94 అయితే ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలే. కచేరీలలో 15 నిమిషాల సగటు 100 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. ఫోన్‌లో డెసిబెల్ యాప్ వేసి చూడవచ్చు, కానీ ఫోన్‌ను బట్టి అంకె అటూ ఇటూ పోతుంది. యాప్ లేకున్నా ఫరవాలేదు: చేయి చాపితే అందేంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే అక్కడ మోత 85 దాటినట్టే అనుకోండి. ఖాళీ మైదానంలో ఒకే బాక్సు నుంచి దూరం రెట్టింపయితే దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 10 మీటర్ల దగ్గర చికాకుగా ఉంటే 20 మీటర్లకు జరగడం మందులాంటిదే.

దూది పెట్టి వదిలేయకండి, దాంతో ఆగేది చాలా తక్కువ. పెద్దవాళ్ళకు మెడికల్ షాపులో దొరికే స్పాంజి ప్లగ్గులు చాలు, కానీ వాటిని సగం మంది తప్పుగా పెడతారు. ముందు వేళ్ళ మధ్య నలిపి వత్తిలా సన్నగా చుట్టాలి. రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి పై అంచును పైకి, వెనక్కి లాగితే దారి తిన్నగా అవుతుంది. అప్పుడు లోపలికి తోసి 20 నుంచి 30 సెకన్లు వేలితో ఆపి ఉంచాలి. అది లోపల ఉబ్బి నిండుతుంది. ప్లగ్గు ముప్పావు భాగం బయటే కనిపిస్తుంటే పెట్టనట్టే లెక్క.

పాపకు స్పాంజి వద్దు. సరిగ్గా నిలవదు, తీసి నోట్లో పెట్టుకుంటుంది. చెవుల మీద కప్పే మఫ్‌లు తీసుకోండి. ఇంట్లోనే రెండు మూడు రోజులు పెట్టి ఆడించండి, పార్కులో మొదటిసారి పెడితే గుంజి పారేస్తారు. మఫ్‌కూ చెంపకూ మధ్య కుచ్చుటోపీ గుడ్డ దూరితే మోత లోపలికి పోతుంది, ముందు మఫ్, దాని మీద టోపీ.


హుజూరాబాద్_గడ్డ:

అందరికీ మస్తు థ్యాంక్స్. రెండు సందేహాలు. నాన్న చెవి మిషన్ పెట్టుకొనే వినాల్నా, తీసేయాల్నా? మఫ్లర్ కట్టుకుంటే అది కుయ్‌కుయ్ అంటది. ఇంకోటి, ఇంటికాడి నుంచి కుర్చీ తెచ్చుకోనిస్తరా?


చెవి_పరీక్ష:

మఫ్లర్ కప్పగానే మిషన్ నుంచి బయటికొచ్చిన శబ్దం గుడ్డకు తగిలి మళ్ళీ దాని మైకులోకే పోతుంది, అందుకే ఆ కూత. ఊలు టోపీ చెవి పైదాకా మడిచి పెట్టి, చెవి వెనక మిషన్‌ను వదిలేయండి.

మామూలు ప్రోగ్రామ్‌లో మిషన్ మాటను పట్టుకుని మిగతాదాన్ని అణచడానికి చూస్తుంది, పాటను కూడా గోలే అనుకుని నలిపేస్తుంది. సంగీతం ప్రోగ్రామ్ ఉంటే అందులో పెట్టండి, లేకపోతే మిషన్ పెట్టిచ్చినచోట ముందుగా అడిగి వేయించుకోండి. వాల్యూమ్ రెండు మెట్లు తగ్గించండి. తెరిచి ఉండే చిన్న డోమ్ రకం మిషన్ చెవికి అడ్డుగోడ కాదు, ఆపేసినా మోత లోపలికి పోతూనే ఉంటుంది. అచ్చు తీసి చేసిన మోల్డ్ అయితే కొంత ఆపుతుంది. డప్పులప్పుడు తీసి డబ్బాలో పెట్టి, చిందు మాటలప్పుడు పెట్టుకుంటే సరి. మంచులో తడిసిన మిషన్‌ను రాత్రి బ్యాటరీ మూత తెరిచి, సిలికా జెల్ డబ్బాలో ఉంచండి.


మొదటి_వరుస_మనిషి:

ఇన్ని లెక్కలు ఎందుకండీ. మిక్సర్ దగ్గర కూర్చుంటే మంచి సౌండ్ వస్తుంది, ఒప్పుకుంటా. గాయకుడి ముఖం? పక్కవాయిద్యాల వాళ్ళ వేళ్ళు? స్క్రీన్ మీద చూడాలంటే ఇంట్లో టీవీ ఉంది కదా. పైగా వెనక కూర్చుంటే స్క్రీన్ మీద పెదాలు ముందు కదులుతాయి, పాట తర్వాత వస్తుంది. నా మాట వింటే స్టేజీకి ఒక పక్కగా రెండో వరుస. బేస్ బాక్సు నుంచి కనీసం పది అడుగులు ఎడంగా.


మిక్సర్_కాడ:

స్క్రీన్ సంగతి నిజం. 100 మీటర్ల వెనక పాట దాదాపు 0.3 సెకన్లు ఆలస్యంగా చేరుతుంది, అది కంటికి తెలిసిపోతుంది. మీరు చెప్పిన పక్క రెండో వరుస వయసు పిల్లలకు బాగుంటుంది, చెవిలో ప్లగ్గు ఉంటే. చెవి మిషన్ పెట్టుకున్న మనిషికి, నాలుగేళ్ళ పాపకు కాదు. ముఖం చూడాలంటే ఒక పాటకు ముందుకెళ్ళి చూసి రండి, ఎవరూ కాదనరు.

కుర్చీ గురించి: గేటు దగ్గర అడగాలి. మడత కుర్చీ చాలాచోట్ల ఆపరు గానీ, ఎత్తు కుర్చీ తెచ్చి గడ్డి మీద కూర్చున్నవాళ్ళ ముందు వేస్తే గొడవవుతుంది. కుర్చీల వరుసల్లో చివరి కుర్చీ పట్టుకోండి, నాన్నగారు కాలు చాపుకోవచ్చు. గడ్డి మెత్తగా ఉంటే ప్లాస్టిక్ కుర్చీ వెనక కాళ్ళు దిగబడి మనిషి వెల్లకిలా పడతాడు. కూర్చునే ముందు కాళ్ళ కింద ఒక పలక ముక్కో, మందమైన అట్టో వేయండి.


టికెట్_జీరో:

హుజూరాబాద్ అన్నా, వాపస్ వచ్చుడు తేలికే. కాజీపేటకు పోయి రైలు కోసం చూడద్దు, హనుమకొండ బస్టాండ్‌ల కరీంనగర్ బస్సు ఎక్కండి. హసన్‌పర్తి, ఎల్కతుర్తి మీదుగ హుజూరాబాద్ నుంచే పోతది. నాన్‌స్టాప్ ఎక్కకుండ కండక్టర్‌ను అడుగుండ్రి. పొద్దున దిగంగనే ఎంక్వయిరీ కౌంటర్ల రాత్రి ఆఖరి బస్సు టైము అడిగి రాసుకోండి, ఫోన్ల దొరికే టైములు నమ్మద్దు. ఆఖరి బస్సుకు ముందుది మీ బస్సు అనుకోండి. పండుగ అయిపోయినంక ఆఖరిదాంట్ల నిలవడ జాగ ఉండదు, మీ నాయిన నిలవడలేడు.

మీ ఇంటామెకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ల టికెట్ లేదు, 2023 డిసెంబరు 9 నుంచి ఆడోళ్ళకు ఉచిత బస్సు మహాలక్ష్మి పథకం నడుస్తుంది కదా. తెలంగాణ అడ్రసున్న ఆధార్ అసలుది చేతిల ఉండాలె, జీరో టికెట్ అడిగి తీసుకోవాలె. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే పైసలు కట్టాలె.

సాయంత్రం లోపలికి పోయే ముందే మీ నాయినను బస్టాండ్‌లనో హోటల్లనో టాయిలెట్‌కు తీస్కపోండి. పండుగలకు తెచ్చే మొబైల్ టాయిలెట్లు ఎక్కువ కింద కూసునేటియే, మెట్లు నిటారుగ ఉంటయి. మోకాళ్ళ నొప్పులోళ్ళకు అది శిక్ష.

తిండికి సర్వపిండి కట్టుకపోండి. వేడి మీద డబ్బాల పెడితే ఆవిరి పట్టి రబ్బరైతది. గిన్నె నుంచి తీసినంక జల్లెడ మీదనో బట్ట మీదనో ఆరబెట్టి, పూర్తిగ చల్లారినంక కాయితం వేసి స్టీలు డబ్బాల పెట్టుండ్రి. రాత్రి దాక అంచులు కరకర అంటయి. నీళ్ళు ఫ్లాస్కుల గోరువెచ్చగ తీస్కపోతే పాపకు మంచిది. చలిల ఐస్‌క్రీం బండి కనవడంగనే ఏడుపు మొదలైతది, దానికి నా కాడ ఉపాయం లేదు.

చిల్లర దగ్గర పెట్టుకోండి. జనం ఒక్కకాడ చేరితే నెట్‌వర్క్ పడిపోతది, ఛాయ తాగి పైసలు పోతలేవని నిలవడాలె. 10, 20, 50 నోట్లు కొన్ని చాలు. విడిపోతే కలుసుకునే జాగ ముందే అనుకోండి, గేటు మాత్రం వద్దు, అక్కడనే తొక్కులాట. పాప జేబుల మీ ఫోన్ నంబర్ రాసిన చీటీ వెయ్యండి. దోమలకు క్రీము రాస్తే పాప అరచేతులకు రాయద్దు, కండ్లు నలుపుకుంటది.

ఎనిమిదిన్నర దాటితే మంచు దిగుతది, కుర్చీలు తడుస్తయి. తుండుగుడ్డ ఒకటి ఎక్కువ పెట్టుకోండి.


మిక్సర్_కాడ:

టైము గురించి ఇంకో మాట కలపాలి. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్ స్పీకర్ వాడకూడదు. సాంస్కృతిక, మతపరమైన పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలించవచ్చు, అదీ ఏడాది మొత్తంలో 15 రోజులకు మించకుండా. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ కనీసం 100 మీటర్లను ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. చలికాలం మబ్బులేని రాత్రి నేల త్వరగా చల్లబడి, పైన గాలి వెచ్చగా ఉంటుంది, దాంతో శబ్దం పైకి పోకుండా కిందికి వంగి దూరపు కాలనీలకు చేరుతుంది. పగలు అదే వాల్యూమ్‌కు రాని ఫిర్యాదు రాత్రి వస్తుంది. పోలీసు వచ్చి చేయి ఊపితే ఆపరేటర్ ఫేడర్ దించాల్సిందే.

ఇది మీకెందుకంటే, ఉపన్యాసాలు, సన్మానాలు గంట తినేసి ఆఖరి కళాకారుడికి 9:40కి మైకు ఇస్తారు. పెద్ద పేరు కోసం తొమ్మిదింటికి వచ్చేవాళ్ళు నాలుగు పాటలు విని వెళ్తారు. ఐదున్నరకు వచ్చి కూర్చుంటే సౌండ్ చెకింగ్ నుంచి దొరుకుతుంది. పోస్టర్ మీద చిన్న అక్షరాల్లో ఉండే జట్లు ఆ వేళే ఆడతాయి, డప్పులు మంట మీంచి అప్పుడే దిగుతాయి, పాప కూడా మేలుకునే ఉంటుంది.


కెమెరా_కోణం:

ఎవరూ చెప్పలేదు కాబట్టి రికార్డింగ్ సంగతి. బేస్ బాక్సుల ముందు నిలబడి తీస్తే ఫోన్ మైకు తట్టుకోలేక పాట మొత్తం బరబర అవుతుంది, తర్వాత ఏ యాప్ దాన్ని బాగు చేయలేదు. మిక్సర్ దగ్గరికి వచ్చి తీయండి. ఫోన్ పట్టుకునే వేలు కింది మైకు రంధ్రం మీద పడకుండా చూసుకోండి.

స్టేజీ ఎల్‌ఈడీ లైట్ల వల్ల వీడియోలో నల్ల పట్టీలు పాకుతుంటే ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని లైట్లకు ఇది సరిపోతుంది. గాయకుడి ముఖం తెల్లగా కాలిపోతే ముఖం మీద వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, కిందికి జరపండి. మంట దగ్గర డప్పులు కాపేది తీయాలంటే ఫ్లాష్ ఆపేయండి, మంట వెలుగే చాలు. తీసే ముందు జట్టు పెద్దను ఒక మాట అడగండి.


దరువు_దెబ్బ:

అడుగుడే కాదు, తీసినంక వాళ్ళ ఫోన్‌కు కూడ పంపుండ్రి. చాన జట్లకు తమ ఆటది మంచి వీడియో ఒక్కటి ఉండది, ఇంకో ఊర్ల ప్రోగ్రాం అడగాలంటే అదే చూపియ్యాలె. హుజూరాబాద్ అన్నా, మంట కాడ పిల్లను గాలి వచ్చే దిక్కు నిలవెట్టు, ఎండుగడ్డి నిప్పురవ్వలు ఎదురు దిక్కు లేస్తయి. స్వెటర్ నూలుదైతే మంచిది.